ఎవరికి సులభం? ఎవరి తెలుగు?

వెబ్‌సైట్లకు రాసేవాళ్ళకి ఇచ్చే సలహాలు ఇప్పుడు అందరికీ తెలిసినవే. వాక్యం చిన్నగా ఉండాలి. అసలు సంగతి ముందు చెప్పాలి. అలవాటైన మాటలే వాడాలి. వీటితో మాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ చివరి మాట దగ్గరే. అలవాటైన మాటలంటే ఎవరికి అలవాటైనవి? ఈ ప్రశ్న వేయకుండా సులభశైలి గురించి మాట్లాడితే, కొన్ని కులాల ఇళ్ళలోని తెలుగునే అందరి తెలుగుగా మళ్ళీ నిలబెట్టినట్టవుతుంది.

ఇది కొత్త సంగతేం కాదు. గ్రాంథికం మీద గిడుగు రామమూర్తి (1863-1940) చేసిన పోరాటం గొప్పది. సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పాలన్నవాడాయన. అయినా ఆ ఉద్యమం గెలిచాక బడిలోకి, పత్రికల్లోకి వచ్చింది శిష్ట వ్యావహారికం. ఆ శిష్టులెవరో పేరే చెప్తోంది. మాలపల్లె, మాదిగ గూడెం మాట్లాడే తెలుగు కథల్లో పాత్రల మాటగా వచ్చింది. విషయం వివరించే భాషగా మాత్రం చాలాకాలం దాన్ని రానివ్వలేదు.

ఇప్పుడు ఒక చట్టాన్నే తీసుకుందాం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణ దాని 4వ సెక్షన్‌లో అధికారుల విధులను వరసగా చెప్పింది. అందులో ఒకదాన్ని ఆఫీసు తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: 'సమాచారదారుచే మౌఖికముగా ఇవ్వబడి, ఠాణా అధికారిచే లిఖితపూర్వకముగా నమోదు చేయబడిన సమాచారము, సంతకము గైకొనుటకు పూర్వము సదరు వ్యక్తికి చదివి వినిపించబడవలెను.'

ఇదే సంగతి ఇట్లా కూడా చెప్పొచ్చు: 'మీరు నోటితో చెప్పింది పోలీసులు రాసుకుంటారు. రాసింది మీకు చదివి వినిపించాలి. ఆ తర్వాతే మీ సంతకం తీసుకోవాలి. దాని కాపీ వెంటనే మీకివ్వాలి. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఈ పని చేయకపోతే అది నేరం. 6 నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు పడుతుంది.'

ఈ రెండింటికీ ఉన్న తేడా కష్టమైన మాటలదీ తేలిక మాటలదీ మాత్రమే కాదు. మొదటి దాంట్లో 'వినిపించబడవలెను' అన్నారు. ఎవరు వినిపించాలి? వాక్యంలో వెతుక్కోవాలి. రెండో దాంట్లో పని చేయాల్సినవాడు ఎదురుగా నిలబడ్డాడు, అడగాల్సిన మనిషి 'మీరు' అయింది. వార్తల్లో 'దాడి జరిగింది', 'ఉద్రిక్తత నెలకొంది' అని రాసేదీ ఈ తీరే. కొట్టినవాడు, వాడి కులం వాక్యంలోంచి తప్పుకుంటాయి. కాబట్టి స్పష్టత అంటే మాకు కర్తను దాచకపోవటం. సులభశైలి పాఠాలు వాక్యం పొడవు గురించి చెప్పినంతగా ఈ సంగతి చెప్పవు.

ఇంకో ప్రమాదం ఉంది. తేలిక చేస్తామని సారాన్నే తీసేయటం. 'బాధితులకు ప్రభుత్వం అండగా ఉంటుంది' అనేది చదవటానికి చాలా తేలిక. దాన్ని పట్టుకుని స్టేషన్‌కి పోతే ఏం పని జరుగుతుంది? సెక్షన్ నంబరు ఉండాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలన్న గడువు ఉండాలి. ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ తెచ్చిన 18ఎ ఉండాలి. మన జనానికి ఇవి బరువనుకోవటం కూడా ఒక రకం చిన్నచూపే. కేసు, బెయిలు, ఎఫ్ఐఆర్, చార్జిషీటు అనే మాటలు వాడకి బాగా తెలుసు, ఖర్చుపెట్టి నేర్చుకున్న మాటలవి. వాటిని తీసేసి 'ప్రథమ సమాచార నివేదిక', 'అభియోగపత్రం' అని పెట్టే భాషాభిమానం ఎవరికి ఉపకారం?

బొజ్జా తారకం గారు 'పోలీసులు అరెస్టుచేస్తే' అని పుస్తకం రాశారు. ఆ పేరు గమనించండి. అది చట్టం పేరు కాదు, శాఖ పేరూ కాదు. మనిషి మీద వచ్చిపడే పరిస్థితి పేరు. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎక్కువగా శాఖలు, విభాగాలు, జీవో నంబర్ల వరసలో నడుస్తాయి. ఆ వరస ఉద్యోగికి తెలుసు గానీ, పింఛను ఆగిపోయిన ముసలమ్మకి ఎట్లా తెలుస్తుంది? పైగా జీవోని స్కాన్‌చేసి బొమ్మగా పెడితే అందులో మాట వెతకలేం. కళ్ళు కనపడనివాళ్ళ ఫోను దాన్ని ఉన్నదున్నట్టు చదివి వినిపించలేదు. సమాచారం ఇచ్చేటప్పుడు స్థానిక భాషనూ, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతినీ లెక్కలోకి తీసుకోవాలని 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది. తెలుగు లిపిలో పెట్టినంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు.

సులభంగా రాస్తే లోతు పోతుందనే వాదన విశ్వవిద్యాలయాల్లో ఉంది. అంబేడ్కర్ ఇంగ్లీషులో పరిశోధన గ్రంథాలు రాశారు. 1920లో 'మూక్‌నాయక్' పెట్టింది మరాఠీలో. ఎవరికోసం రాస్తున్నామనేదే అక్కడ భాషను నిర్ణయించింది. ఆధిపత్యం, అస్తిత్వం లాంటి మాటలు మనకి అవసరమే. అయితే మొదటిసారి వాడినచోట వాటి అర్థం ఒక ఉదాహరణతో చెప్పి ముందుకు పోవాలి.

హక్కుల గురించి పేజీ రాసే ప్రతివాళ్ళూ, అది ప్రభుత్వమైనా సంఘమైనా, అచ్చుకో తెరకో పంపేముందు వాడలో పదిమందికి చదివి వినిపించాలి. విన్నవాళ్ళు ఎక్కడ ఆపి 'అంటే ఏంది?' అని అడిగితే అక్కడ తిరగరాయాలి. ఒక్క మనిషి ఫిర్యాదునే సంతకానికి ముందు చదివి వినిపించాలని చట్టం చెప్తోంది. వేలమందికోసం రాసే కాగితానికి ఆ మాత్రం పని ఎందుకు చేయకూడదు?