మందు కావాలి, మందిచ్చిన అవ్వ వద్దా?

ఏ రాతనైనా చదివాక బాగుందనో బాగోలేదనో అనేసి ఊరుకుంటాం. ఆదివాసుల మీద రాసినవాటికి అది చాలదు. ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, లాభం ఎవరింటికి చేరింది అనే మూడు ప్రశ్నలు కూడా వేయాలి. ఒకే ఆదివాసీ అవ్వ గురించిన రెండు రాతలను పక్కపక్కన పెట్టి ఆ ప్రశ్నలు వేద్దాం.

ఆమె పేరు మరియా సబీనా. మెక్సికోలోని ఓహాకా కొండల్లో మజాటెక్ తెగ మనిషి. బడి మొహం చూడలేదు, స్పానిష్ రాదు. మన వెజ్జులు, దిసారుల్లాగే ఊరి రోగం చూసే మనిషి. ఎవరికైనా బాగోలేకపోతే రాత్రంతా కూర్చుని, ఒక రకం పుట్టగొడుగులు తిని, పాడుతూ రోగం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేది. ఆ పుట్టగొడుగులను ఆమె ‘పవిత్ర బిడ్డలు’ అని పిలిచేది.

మొదటి రాత 1957 మేలో అమెరికాలోని లైఫ్ పత్రికలో వచ్చింది. రాసింది గోర్డన్ వాసన్, న్యూయార్కులో ఒక పెద్ద బ్యాంకు ఉపాధ్యక్షుడు. 1955 జూన్‌లో ఆ ఊరు వెళ్లి, అవ్వ పూజలో కూర్చుని పుట్టగొడుగులు తిన్నాడు. న్యాయంగా చెప్పాలంటే ఆయన వెక్కిరించలేదు, గౌరవంగానే రాశాడు. అవ్వ పేరు, తెగ పేరు కూడా మార్చాడు. కానీ పేరు దాచిన పత్రిక ఫోటోలు దాచలేదు. ‘పవిత్ర బిడ్డలు’ శీర్షికలో ‘మాయ పుట్టగొడుగు’ అయిపోయాయి. ఆ వ్యాసంలో ముందు నిలబడేది వాసన్‌కు కనబడిన రంగులు, దృశ్యాలే. జబ్బుమనిషి ఎక్కడా లేడు. కొడుకు క్షేమం తెలుసుకోవాలని చెప్పి ఆయన పూజలో కూర్చున్నాడు. వైద్యం అక్కడే వింతగా మారిపోయింది.

తరువాత జరిగింది చూడండి. 1958లో స్విట్జర్లాండులోని శాండోజ్ కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఆ పుట్టగొడుగుల్లోని పదార్థాన్ని విడదీసి ‘సైలోసైబిన్’ అని పేరు పెట్టాడు. 1962లో ఆయనే మాత్రలు పట్టుకెళ్లి అవ్వకిచ్చాడు. మాత్రల్లోనూ అదే శక్తి ఉందని ఆమె ఒప్పుకుంది. అది పరీక్షే అయితే, పరీక్ష చేసింది ఆమె. పట్టా మాత్రం ఆమెకు లేదు. 1960లలో యువకులు గుంపులు గుంపులుగా ఆ ఊరి మీద పడ్డారు. పోలీసులు వచ్చారు. ఊరి గుట్టు బయటపెట్టిందని సొంత జనమే ఆమెను దూరం పెట్టారు. ఎవరో ఆమె ఇల్లు తగలబెట్టారు. 1985లో పేదరికంలోనే చనిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

రెండో రాత 1977లో వచ్చిన ఆమె జీవితకథ. రాసినవాడు ఆల్వారో ఎస్ట్రాడా. ఆయనా మజాటెక్ మనిషే. అవ్వ తన భాషలో చెప్పింది, ఆయన విని స్పానిష్‌లో పెట్టాడు. వాసన్ వ్యాసంలో దొరకని అవ్వ ఇందులో దొరుకుతుంది. చిన్నప్పటి ఆకలి, పోగొట్టుకున్న భర్తలు, ఎత్తిన బరువులు అన్నీ ఉన్నాయి. ఈ పుస్తకంలోనే ఆమె తన ఫిర్యాదు చెప్పుకుంది. అంతకుముందు జబ్బు నయం కావడానికే తప్ప ఊరికే దేవుణ్ని చూద్దామని ఎవరూ వాటిని తినలేదని, పైవాళ్లు వచ్చాక బిడ్డల బలం తగ్గిందని అంది. ఆ మాట నమ్ముతామా లేదా అన్నది వేరే సంగతి. ఒక వైద్యురాలు తన మందు పాడైందని చెబుతోంది, అది వినాలి. వినడానికి ఆమె భాష తెలిసిన మనిషి కావలసి వచ్చింది. ఇరవై ఏళ్లు పట్టింది.

ఇదంతా సముద్రాల అవతలి కథ అనుకోవద్దు. మన దేశంలో పిచ్చికి, నిద్రలేమికి నాటువైద్యులు వాడిన సర్పగంధి వేరు నుంచి 1952లో స్విట్జర్లాండులోనే సీబా కంపెనీ రిసర్పిన్ తీసింది. ఆ మందు పేరు పుస్తకాల్లో ఉంది. వేరు చూపిన చేతుల పేర్లు లేవు.

మా చేతులూ శుభ్రంగా లేవు. ఒక ఏడాది మా బడి పిల్లలతో మూలికల చార్టు చేయించాం. ఒక అవ్వ మూర్ఛకు వాడే వేరు గురించి చెప్పింది. ఆకు బొమ్మ, దొరికే గట్టు, మోతాదు అన్నీ రాయించాం. సైన్సు ప్రదర్శనలో బహుమతి వచ్చింది. సర్టిఫికెట్ మీద బడి పేరుంది, పిల్లల పేర్లున్నాయి, అవ్వ పేరు లేదు. మరుసటి వేసవికి ఎవరో వచ్చి ఆ గట్టంతా తవ్వుకుపోయారు. అవ్వ మమ్మల్ని తిట్టలేదు. పిల్లలు మళ్లీ వెళ్లి అడిగితే ‘మరిచిపోయాను బిడ్డా’ అంది. వాసన్‌ను తప్పుపట్టే ముందు ఆ మాట మాకు గుర్తొస్తుంది.

ఇప్పుడు ఆ పుట్టగొడుగుల మందు మళ్లీ వస్తోంది. ఏ మందుకూ లొంగని దిగులు జబ్బుకు మానసిక వైద్యులు దాన్ని రాయవచ్చని 2023 జూలై నుంచి ఆస్ట్రేలియా అనుమతించింది. మన దేశంలో అది చట్టం నిషేధించిన పదార్థం. అడవిలో దొరికిన పుట్టగొడుగు నోట్లో పెట్టుకుని చూడమని ఈ వ్యాసం చెప్పడం లేదని యువకులు గమనించాలి. మజాటెక్ మనుషులను సభలకు పిలిచి, ఈకలో పూసలో చూసి చప్పట్లు కొడితే కలుపుకున్నట్టు కాదు. ముందే అడగాలి. వద్దంటే ఆగాలి. లాభంలో వాటా ఇవ్వాలి.

మరి మనం రాయడం మానాలా? మానకూడదు. ఎస్ట్రాడా రాయకపోతే అవ్వ గొంతు ఉండేదే కాదు. కానీ పద్ధతి ఉండాలి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో కమిటీ, రిజిస్టర్ ఉండాలి. మీ ఊరి రిజిస్టర్‌లో ఏముందో ఉపాధ్యాయులు ఒకసారి తీసి చూడండి. ఏది రాయాలో, ఏది గుట్టుగా ఉంచాలో గ్రామసభ తేల్చాలి. రాసింది చెప్పినవాళ్లకు వాళ్ల భాషలోనే చదివి వినిపించాలి. వాళ్లు ఒప్పుకుంటే పేరు పెట్టాలి. దొరికే చోటు, మోతాదు పిల్లల చార్టు మీదికి ఎక్కకూడదు.

ఈ ఏడాది మేము ఆ అవ్వ ఇంటికి నోటుపుస్తకం లేకుండా వెళ్లాం. వేరు గురించి అడగలేదు, ఆమె గురించి అడిగాం. పొద్దుగూకేదాకా మాట్లాడింది.