అపరాధ పరిశోధన – సాహిత్య పరిశోధన: ఆరుద్ర రచనా జీవితం, ఒక పరిశీలన

కీలక పదాలు: ఆరుద్ర, డిటెక్టివ్ నవల, సాహిత్య చరిత్ర, పరిశోధన పద్ధతి, ప్రతుల సేకరణ

1. ప్రవేశిక

తెలుగులో ‘పరిశోధన’ అనే మాటను రెండు వర్గాలవారు పంచుకున్నారు. విశ్వవిద్యాలయంలో సిద్ధాంతగ్రంథం రాసేవారు చేసేది పరిశోధన. హత్య జరిగిన గదిలో ఆగిపోయిన గడియారాన్ని, సగం కాలిన సిగరెట్టును పట్టి చూసేవాడు చేసేదీ పరిశోధనే. దాని ముందు ‘అపరాధ’ అన్న మాట చేరుతుంది, అంతే తేడా. ‘శుధ్’ ధాతువు నుంచి వచ్చిన ఈ పదానికి శుద్ధి చేయడమని మూలార్థం. కలగలిసిపోయినదాన్ని వేరుచేసి నిగ్గు తేల్చడమే ఇద్దరి పనీ. అయినా మొదటి వర్గంవారు రెండో వర్గంవారి నవలలను పరిశోధనకు తగినవిగా చాలాకాలం భావించలేదు.

ఇటీవల ఒక విద్యార్థిని తెలుగు డిటెక్టివ్ నవలను పిహెచ్.డి. అంశంగా ప్రతిపాదించినప్పుడు ఒక నిపుణుడు అడిగిన మొదటి ప్రశ్న “అందులో సాహిత్యం ఏముంది?” అని. ఆమె తడబడింది. పక్కనే కూర్చున్న నాకూ వెంటనే సమాధానం తోచలేదు. మా వెనక బీరువాలో ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలున్నాయి. ఆ సంపుటాలు రాసిన చేయే ‘పలకల వెండిగ్లాసు’, ‘ఆనకట్ట మీద హత్య’ వంటి డిటెక్టివ్ నవలలు రాసిందని నాకు తెలుసు. తెలిసీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానాన్ని ఈ వ్యాసంలో చెప్పే ప్రయత్నం చేస్తాను.

2. నేపథ్యం

ఈ ప్రక్రియ మనకు బెంగాలీ నుంచి, ఇంగ్లీషు నుంచి వచ్చింది. కలకత్తా పోలీసు శాఖలో పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ 1892లో ‘దారోగార్ దఫ్తర్’ ప్రారంభించాడు. ఆ తరవాత పాంచకడీ దే నవలలు వెంకటపార్వతీశ కవుల అనువాదాలుగా తెలుగు పాఠకులకు అందాయి. దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ ఆ తొలి తరానిదే. 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు మద్రాసు వీధులను తెలుగు పాఠకులకు సొంత ఊరి వీధులంత పరిచయం చేశారు.

చిత్తూరు, తిరుపతి పాఠకులకు మద్రాసు దూరదేశం కాదు. ఉదయం రైలెక్కి పనులు చూసుకొని రాత్రికి తిరిగి రాగల ఊరు. అందువల్ల ఆ నవలల్లోని టాక్సీలు, హోటళ్లు, బీచి రోడ్డు ఇక్కడివారికి ఊహలు కావు. మా ప్రాంతంలో ఈ నవలల ఆదరణకు ఇదొక కారణమని నా అభిప్రాయం. కోస్తా పాఠకుల అనుభవం ఇందుకు భిన్నంగా ఉండవచ్చు.

3. ఒకే చేతి రెండు పనులు

ఆరుద్ర (1925–1998) అసలు పేరు భాగవతుల సదాశివశంకరశాస్త్రి. ఆయన ‘త్వమేవాహం’ రాసిన కవి, సినిమా పాటల రచయిత, చదరంగం మీద పుస్తకం రాసిన ఆటగాడు. విశ్వవిద్యాలయ పట్టా లేదు. నేటి నిబంధనల ప్రకారం ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ పరిశోధన పర్యవేక్షకుడు కాలేడు. సినిమా రచన జీవిక అయిన మనిషి 1960లలో సంపుటాలుగా వెలువరించిన సాహిత్య చరిత్రనే ఈనాటికీ ఎం.ఏ. విద్యార్థి మొదలుకొని నెట్ పరీక్షకు చదివేవారి వరకు అందరూ తిరగేస్తున్నారు.

ఆరుద్ర మీద వచ్చిన అధ్యయనాల్లో, నేను చూసినంతలో, డిటెక్టివ్ నవలలకు దక్కేది జాబితాలో ఒక వరుస మాత్రమే. అవి ఖర్చుల కోసం రాసినవని ధ్వనింపజేసి ముందుకు సాగిపోతారు. ఖర్చుల కోసమే రాసి ఉండవచ్చు. అయితే పాఠ్యాన్ని సాక్ష్యంగా చదివే అలవాటున్నవారు అపరాధ కథకు ఆకర్షితులు కావడం కేవలం కాకతాళీయం అనిపించదు. బైబిలును ఇంగ్లీషులోకి అనువదించిన రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథకు పది నియమాలు రూపొందించాడు. డాంటే కావ్యాన్ని అనువదించిన డొరొతీ సేయర్స్ లార్డ్ పీటర్ విమ్సీ నవలల రచయిత్రి. ఆరుద్రకు మరీ దగ్గరివాడు జె.ఐ.ఎం. స్టూవర్ట్. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల సాహిత్య చరిత్రలో ఆధునిక రచయితల సంపుటం రాసిన ఈ ఆచార్యుడే మైకేల్ ఇన్నెస్ పేరుతో అపరాధ నవలలు రాశాడు. స్టూవర్ట్‌కు రెండో పేరు అవసరమైంది. తెలుగులో ఆ నవలల మీదా ఈ చరిత్ర మీదా ఉన్నది ఒకే పేరు. ఆరుద్ర దాచని సంబంధాన్ని విమర్శకులమైన మనమే చూడకుండా దాటవేశాం.

నాక్స్ నియమాల్లో కీలకమైనది, పరిశోధకుడు చూసిన ఆధారాలన్నీ పాఠకుడికీ చూపాలన్నది. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ వచనంలో ఈ ఒప్పందం కనిపిస్తుంది. ఆరుద్ర ఒక కవి కాలాన్ని నిర్ణయించేటప్పుడు పూర్వపండితుల వాదాలను ముందుంచి, ఎక్కడ ఎందుకు విభేదిస్తున్నాడో వాడుక భాషలో, కొంత చమత్కారంతో చెబుతాడు. తీర్పుతో పాటు తీర్పు దాకా నడిచిన దారినీ చూపుతాడు. పాఠకుడు ఆయనతో ఏకీభవించకపోవచ్చు, కానీ ఎక్కడ విడిపోతున్నాడో పాఠకుడికి తెలుస్తుంది. గ్రాంథిక పీఠికలు చదివి అలసిన విద్యార్థికి ఈ వచనం ఎందుకు రుచిస్తుందో తరగతి గదిలో ఏటా చూస్తున్నాను.

4. తిరుపతి నుంచి ఒక ఉదాహరణ

సాహిత్య చరిత్రలో ‘కేసు’ అనదగినవి ఎలా ఉంటాయో చెప్పడానికి తిరుపతివారు దూరం పోనక్కర లేదు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో తాళ్లపాక కవుల రాగిరేకులు శతాబ్దాల పాటు ఉండిపోయాయి. వాటిలో ఒక రేకు మీద అన్నమాచార్యుల జీవితానికి సంబంధించిన కాలసూచనలున్నాయి. అందులో క్రోధి సంవత్సరం ఉంది, పదహారేళ్ల వయస్సు ప్రస్తావన ఉంది, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి ఉంది. చివరిది నిర్యాణ తిథి, అంటే 1503. చిక్కంతా క్రోధి దగ్గర. క్రోధి అంటే 1424. అది కవి పుట్టిన ఏడా, లేక పదహారో ఏట సంకీర్తనలు మొదలుపెట్టిన ఏడా? మొదటిదైతే ఆయన జీవించింది డెబ్బై తొమ్మిదేళ్లు. రెండోదైతే జననం 1408కి వెళ్లి ఆయుర్దాయం తొంభై అయిదేళ్లవుతుంది.

రేకు ఒక్కటే, లిపి స్పష్టమే, అందులో అబద్ధమూ లేదు. ఒక వాక్యాన్ని ఎక్కడ విరిచి చదవాలన్న దాని మీద ఒక కవి జీవితంలో పదహారేళ్లు ఆధారపడ్డాయి. నేడు ఎక్కువమంది 1408ని అంగీకరిస్తున్నారు. అన్వయాన్ని బట్టి చూస్తే నాకూ అదే సబబుగా తోస్తుంది. ఈ తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలోనే వేటూరి ప్రభాకరశాస్త్రి, మానవల్లి రామకృష్ణకవి వంటి పండితులు పనిచేశారు. నన్నెచోడుని ‘కుమారసంభవము’ను 1909లో వెలుగులోకి తెచ్చి, ఆ కవి నన్నయకంటె ప్రాచీనుడని వాదించిన రామకృష్ణకవి, ఆ కావ్యం ఆయనే కల్పించాడన్న అనుమానాన్ని కూడా ఎదుర్కొన్నాడు. సాక్ష్యం తెచ్చినవాడే అనుమానితుడు కావడం ఏ నవలకూ తీసిపోని మలుపు.

5. చివరి అధ్యాయం బలహీనత

ఇంతమాత్రాన డిటెక్టివ్ దృష్టి సాహిత్య పరిశోధనకు మేలు మాత్రమే చేస్తుందని అనలేం. అపరాధ నవలకు చివరి అధ్యాయం తప్పనిసరి. అక్కడ అన్ని ముడులూ విడిపోవాలి. చరిత్రకు ఆ నిర్బంధం లేదు. కొన్ని ముడులను ముడులుగానే తరవాతి తరానికి అప్పగించాలి. ఆరుద్రలోని కథకుడికి ఈ నిగ్రహం కొన్నిచోట్ల కష్టమైంది.

‘రాముడికి సీత ఏమవుతుంది?’ ఇందుకు నిదర్శనం. రామాయణమంతా విని అడిగే తెలివితక్కువ ప్రశ్నగా సామెతలో స్థిరపడినదాన్ని తీసుకొని నిజమైన విచారణగా మార్చడం ఆయనకే చెల్లింది. సీతను రాముడి సోదరిగా చెప్పే దశరథ జాతకం మొదలైన కథలను సాక్షులుగా పిలిచి చదివించే తీరు ఉత్కంఠభరితంగా ఉంటుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. జాతక కథకుడు, జైన కవి, వాల్మీకి ఒకే సంఘటనను చూసిన ముగ్గురు సాక్షులు కారు. వేరువేరు కాలాల్లో, వేరువేరు ప్రయోజనాలతో వేరువేరు కృతులు నిర్మించినవారు. వారి వాఙ్మూలాలు పొసగకపోతే అందులో ఒకరు అబద్ధమాడినట్టు కాదు. అయినా ఆ ప్రశ్నను అంత సూటిగా అడిగే ధైర్యం పట్టాలున్న పండితుల్లో ఎందరికి ఉండేది?

6. ప్రతుల సంగతి

మళ్లీ ఆ విద్యార్థిని దగ్గరికి వస్తాను. మేం ఆమె ప్రతిపాదనను వెనక్కు తీసుకోలేదు, మార్చాం. మొదటి అధ్యాయంలో వస్తువు, శిల్పం, పాత్రచిత్రణ అనే మామూలు వరస తీసేసి ప్రతుల వివరణ పెట్టాం. ఎందుకంటే ఈ నవలల్లో చాలావాటి మీద ముద్రణ సంవత్సరమే ఉండదు. తరవాతి ముద్రణల్లో తొలి ముద్రణ వివరం కనిపించదు. ఏది ముందు, ఏది వెనక అన్నది తేలకుండా ఒక రచయిత శైలి పరిణామం గురించి రాసే ప్రతి వాక్యమూ ఆధారం లేని అభియోగమే అవుతుంది. చవక కాగితం మీద అచ్చయిన ఆ ప్రతులు అద్దె పుస్తకాల అంగళ్లతో పాటే పోతున్నాయి. తాళపత్రానికి ఉన్న ఆయుస్సు వాటికి లేదు.

చిన్నప్పుడు చిత్తూరులో మా నాయన అద్దెకు తెచ్చిన ఒక డిటెక్టివ్ నవలలో చివరి ఫారం ఊడిపోయి ఉండేది. పదహారు పేజీలు. హంతకుడెవరో తెలియక ఆయన రెండు రోజులు ఇంట్లో అందరినీ అనుమానంగా చూశాడని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

పోయిన నెల ఆ విద్యార్థిని ఒక పాత ఇంటి అటక మీద దొరికిన నవల తెచ్చి చూపింది. అట్ట లేదు, ముద్రణ సంవత్సరం లేదు. కానీ వెనక అతికించిన చీటీ మీద అద్దెకు ఇచ్చిన తేదీలు వరసగా ఉన్నాయి. మొదటి తేదీని బట్టి ఆ పుస్తకం అంతకుముందే అచ్చయిందని చెప్పవచ్చు. తేదీల మధ్య ఎడం చూస్తే రెండేళ్ల పాటు అది అంగట్లో ఒక వారం కూడా ఖాళీగా కూర్చోలేదని తెలుస్తుంది. ఆమె ఆ చీటీని ఫొటో తీసి, కొలతలు రాసుకొని, తేదీలను పట్టికగా వేసింది. మొదటి పేజీ పైభాగంలో ఎవరో పాఠకుడు పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టాడు. దాన్నీ నమోదు చేశాక, ఆ పేరు మీద ఒక తెల్లకాగితం ముక్క కప్పి చదవడం మొదలుపెట్టింది.