“పాచి తిను చేప” – ఒక విమర్శ

ఉన్నత పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనములలో చేపల తొట్టి లేనిది అరుదు. ఇటీవల న్యాయనిర్ణేతగా వెళ్ళిన ఒక ప్రదర్శనములో చక్కని తొట్టి నొకదానిని చూచితిని. గప్పీలు, మాలీలు ఈదుచుండగా, అద్దమునకు మూతి ఆనించి ఒక నల్లని చేప కదలక యున్నది. ప్రక్కన చీటిపై “ఇది సకర్ చేప. పాచిని తిని తొట్టిని శుభ్రపరచును” అని విద్యార్థులు అందముగా వ్రాసిరి. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. ఉద్యోగములో చేరిన క్రొత్తలో మా ప్రయోగశాల తొట్టికి, అంగడివాని నోట అదే మాట విని, అదే చేపను నేనును కొంటిని. కనుక ఈ విమర్శ ఆ పిల్లలపై కాదు, ఆ వాక్యముపై. అందులోని మూడు మాటలను వరుసగా పరిశీలింతము.

మొదటిది పాచి. మనము పాచి అని ఒక్క పేరుతో పిలుచునది ఒక్క జీవి కాదు. క్రొత్త తొట్టి అద్దముపై గోధుమరంగు దుమ్మువలె పరచుకొనునవి డయాటములు. గట్టిగా అంటుకొను పచ్చని చుక్కలు ఒక తెగ. మొక్కల ఆకులనుండి వ్రేలాడు దారములు మరొక తెగ. నీరంతయు పచ్చబడినచో అది నీటిలో తేలియాడు ఏకకణ శైవలముల పని. దుర్వాసన గల నీలిపచ్చని జిగురుపొర అసలు శైవలమే కాదు, సయనోబాక్టీరియా. అద్దమును గీకి తిను చేప తేలియాడు కణములను పట్టజాలదు. నీలిపచ్చని పొరను తొట్టి చేపలు సాధారణముగా ముట్టవు. కాబట్టి “పాచిని తినునా?” అను ప్రశ్నకు ముందు “ఏ పాచిని?” అని అడుగవలెను.

రెండవది తినుట. టెరిగోప్లిక్తిస్ ప్రజాతికి చెందిన సకర్ చేపలు దక్షిణ అమెరికా నదులవి. అంగడిలో 5, 6 సెంటీమీటర్ల పిల్లగా ఉన్నప్పుడు పాచిని శ్రద్ధగా గీకును. పెరిగినచో 30 నుండి 45 సెంటీమీటర్లు కాగలదు. మా తొట్టి పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 36 సెంటీమీటర్లు. అనగా అంచులవరకు నింపినను పట్టునది సుమారు 65 లీటర్లే. కొంతకాలమునకు ఆ చేపకు వెనుకకు తిరుగుటకే తావు చాలకపోయెను. ఇతర చేపల మేతకు అలవాటుపడి పాచిని దాదాపు మానివేసెను.

చైనా పాచి చేప అను పేరుతో అమ్ముడగు గైరినోకైలస్ కథ ఇంకను చిత్రమైనది. దాని అసలు నివాసము ఆగ్నేయాసియా నదులు. మామూలు చేప నీటిని నోటితో తీసికొని మొప్పలగుండా వదలును. ఈ చేపకో మొప్ప కప్పుపైభాగమున నీరు లోనికి పోవుటకు ప్రత్యేకమైన రంధ్రము కలదు. అందుచేత నోటిని రాతికి అంటించి ఉంచియే శ్వాసింపగలదు. వేగముగా పారు ఏటిలో ఇది గొప్ప సౌకర్యము. కాని పెద్దదైన పిదప ఆ నోటినే తోటి చేపల ప్రక్కల కంటించి, వాని జిగురుపొరను గీకుట కలదు. 28 సెంటీమీటర్ల వరకు పెరుగు ఈ చేప చిన్న తొట్టికి తగదు.

మూడవది శుభ్రపరచుట. జీవశాస్త్రము బోధించు మనకు ఈ మాటయే ముఖ్యము. పాచి పెరుగుటకు కావలసినవి వెలుతురు, నత్రితములు, భాస్వరితములు. చేప పాచిని తిన్నచో ఆ పదార్థము మాయము కాదు. కొంత చేప దేహమగును. మిగిలినది మలముగాను అమ్మోనియాగాను నీటిలో చేరి, మరల పాచికే ఎరువగును. పెద్ద చేపకు పెద్ద వ్యర్థము. ద్రవ్యనిత్యత్వమును ఒక గంటలో బోధించి, మరు గంటలో ఈ చీటిని గోడకు అంటించుట మనకు తగునా?

మరి ఏ చేపను ఎన్నుకొనవలెను? సాధారణముగా నాలుగు సెంటీమీటర్లు మించని ఓటోసిన్‌క్లస్ మొక్కలకు హాని చేయక డయాటములను, మెత్తని పాచిని తినును. ఆరింటిని కలిపి ఉంచవలెను. కాని పాచి పట్టని క్రొత్త తొట్టిలో ఆకలితో చచ్చును. మన వేసవిలో నీరు 30 డిగ్రీలు దాటిన తట్టుకొనుట కష్టము. దారపు పాచికి సయాము పాచి చేప, అనగా క్రాసోకైలస్, మంచిది. దాని నల్లని చార తోక చివరవరకు సాగును. ఆ గుర్తునుబట్టి పోలికగల ఇతర చేపలనుండి వేరుపరుపవచ్చును. అదియు 12 సెంటీమీటర్లు దాటును గనుక వంద లీటర్లకు తక్కువైన తొట్టిలో ఉంచరాదు. గొట్టపుబావి కఠినజలము వాడు పాఠశాలకు నా సలహా మాలీ చేపలు: ఒక మగదియు, రెండు మూడు ఆడవియు. అవి మెత్తని పాచిని కొరుకుచుండును. పిల్లలను విరివిగా పెట్టును గనుక ముందే జాగ్రత్తపడవలెను. ఏ చేపను ఉంచినను దీపము రోజునకు ఏడెనిమిది గంటలే వెలుగవలెను. మేత రెండు నిమిషములలో తినునంతయే వేయవలెను. వారమునకు నాలుగవవంతు నీరు మార్చవలెను.

మా సకర్ చేప సంగతి మిగిలినది. “చెరువులో వదలుదామండీ, పుణ్యము” అని మా ప్రయోగశాల సహాయకుడు అనెను. ఆ పుణ్యమే మన జలాశయములకు పాపమైనది. ఈ చేప గాలిని మ్రింగి, ఆమ్లజని తక్కువగు నీటిలో సైతము బ్రదుకును. గట్లను తొలిచి గ్రుడ్లు పెట్టును. ముండ్లతో వలలను చించును. తూర్పు కనుమల ప్రాంతపు జలాశయములలో దాని వ్యాప్తిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలోని డి.ఎన్.ఏ. జాడలనుబట్టి గుర్తించిరి. మన జాలరులు దీనిని దెయ్యపు చేప అనుట ఊరక కాదు. మేము దానిని పెద్ద తొట్టిగల ఒక మిత్రునికి ఇచ్చితిమి.

ఉపాధ్యాయులు ఆ చీటిని మార్చుటకు ముందు విద్యార్థులచే ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. ఒకే తొట్టి నీటిని రెండు గాజు సీసాలలో పోసి, ఒకదానిని కిటికీ వద్దను, మరొకదానిని నీడలోను మూడు వారములుంచుడు. ఏ సీసా పచ్చబడినదో చూచిన పిదప, చీటిపై ఏమి వ్రాయవలెనో వారే నిర్ణయింతురు.