నలుగురి కోసం ఒకడు

స్తానిస్లావ్ లెమ్ ‘ది ఇన్విన్సిబుల్’ని మొదటిసారి ఇరవయ్యేళ్లప్పుడు చదివాను. అప్పుడు నాకు నచ్చింది అందులోని యుద్ధం. సైక్లోప్స్ అనే భారీ యంత్రం నల్లటి మబ్బుతో తలపడే ఘట్టాన్ని ఊపిరి బిగబట్టి చదివాను. ఈమధ్య మళ్లీ చదివితే, యుద్ధం అయ్యాక ఒక గదిలో ఇద్దరు మాట్లాడుకునే మాటలు అంతకంటే భయపెట్టాయి.

1964లో పోలిష్‌లో వచ్చిన నవల ఇది. ఇంగ్లీషులోకి మొదట 1973లో, అదీ జర్మన్ అనువాదం మీదుగా వచ్చింది. పోలిష్ నుంచి నేరుగా బిల్ జాన్‌స్టన్ చేసిన అనువాదం 2006లో వచ్చింది. చదివితే అదే చదవండి.

రెగిస్ 3 అనే గ్రహం మీద దిగిన కాండర్ నౌక నుంచి కబురు ఆగిపోతుంది. ఏమైందో చూడ్డానికి ఇన్విన్సిబుల్ వస్తుంది. కాండర్‌లో తిండి తిండిలాగే ఉంది, మనుషులే లేరు, శవాలున్నాయి. సబ్బుబిళ్ల మీద పంటిగాట్లు! ఆకలేస్తే ఏం తినాలో కూడా మర్చిపోయారన్నమాట.

ఎప్పుడో వేరే నాగరికత వాళ్లు వదిలేసిన యంత్రాలు లక్షల ఏళ్లు ఒకదాన్నొకటి ఓడించుకుంటూ, చివరికి పురుగులంత లోహపు ముక్కలుగా మిగిలాయి. విడివిడిగా వాటివల్ల ఏమీ కాదు. మబ్బులా కమ్ముకుంటే మాత్రం వాటి అయస్కాంత క్షేత్రం మనిషి జ్ఞాపకాన్ని తుడిచేస్తుంది. వాటికి పగ లేదు, ఆలోచనా లేదు. అలాంటిదాని మీద గెలవడమంటే ఏమిటి? సైక్లోప్స్ కూడా మతి పోగొట్టుకుని సొంత నౌక మీదికే తిరగబడుతుంది. అక్కడితో ఈ గ్రహంలో మనకేం పని అన్న ప్రశ్నకి జవాబు దొరికినట్టే. అన్ని చోట్లూ మనకోసం కాదు. నవల అక్కడే ఆగిపోవచ్చు.

ఆగదు. నలుగురు మనుషులు ఇంకా దొరకలేదు. బతికుంటారన్న ఆశ దాదాపు లేదు. నౌకాధిపతి హోర్పాఖ్ తన కింది అధికారి రోహన్‌ని పిలిచి, వెతకాలా వద్దా నువ్వే తేల్చమంటాడు. నాకు హోర్పాఖ్ మీద కోపం వచ్చింది. గౌరవం పేరుతో బరువు పక్కవాడి నెత్తిన పెట్టడం ఇది. ‘వెళ్లాలి’ అన్నవాడే వెళ్లాల్సి వస్తుందని ఆయనకి తెలియదా? లెమ్ ఆయన్ని ఇంత తేలిగ్గా వదిలెయ్యడం ఈ నవలలో నాకు లోపంగానే కనిపిస్తుంది. ఆ నలుగురికీ పేర్లకు మించి ఏమీ ఇవ్వకపోవడం కూడా.

అయినా రోహన్ వెళ్లడం తప్పనిపించలేదు. మాది బొగ్గుబావుల ఊరు. బాయిలో కప్పు కూలిన రోజు, లోపలున్నవాళ్లు బతికున్నారో లేదో తెలియకుండానే వెతకడానికి కొందరు దిగేవాళ్లు. మా నాన్న కూడా దిగాడు, రెండుసార్లు. ఒకసారి శవంతోనే పైకొచ్చారు. ‘చచ్చినోడి కోసం పిల్లలున్నోడివి ఎందుకు పోయినవ్?’ అని అమ్మ ఏడ్చింది. ‘రేపు పొద్దున అందరం మళ్ల దిగాలె గదా’ అన్నాడు నాన్న.

రోహన్ ఒంటరిగానే తిరిగొస్తాడు. లెక్క చూస్తే ఆ ప్రయాణం వల్ల వచ్చింది సున్నా. ఆ గ్రహాన్ని దాని మానాన వదిలెయ్యాలని కూడా అతనికి అక్కడే అర్థమవుతుంది. గ్రహం కోసం పెట్టిన ప్రాణాలు వృథా అని నవల నన్ను ఒప్పించింది. రోహన్ పెట్టబోయిన ప్రాణం గురించి మాత్రం అలా అనలేకపోతున్నాను. అమ్మ ప్రశ్న కూడా నాకింకా సబబుగానే అనిపిస్తోంది.