ఉత్తరాల పెట్టె: చదవవలసిన మూడు కట్టలు

ఆమధ్య సికిందరాబాదులో సాహిత్య విద్యార్థుల గోష్ఠిలో ఒకమ్మాయి లేచి అడిగింది: “సరోజినీ నాయుడు ఉత్తరాలను సాహిత్యంగా చదవాలా, చరిత్రగా చదవాలా?” రెండూ అని చెప్పి తప్పించుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. పైగా ఒక పాత తప్పు గుర్తొచ్చింది. 1914లో ఆమె ఇంగ్లండులో చేసిన యుద్ధసేవ ప్రస్తావన వచ్చినప్పుడు, ‘సామ్రాజ్యవాదానికి కుట్టుపని’ అని ఒక సభలో నేను ఒక్క మాటతో కొట్టిపారేశాను. చప్పట్లు కూడా పడ్డాయి. అయితే చప్పట్లు పడినంత మాత్రాన అది విమర్శ కాదు.

ముందు విషయం చూద్దాం. ఆరోగ్యం బాగా లేక చికిత్స కోసం ఇంగ్లండు వెళ్లిన సరోజిని అక్కడ ఉండగానే 1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. లండన్‌లోని లైసియం అనే మహిళల క్లబ్బు సైనికులకు బట్టలు కుట్టించే పనికి పూనుకుంది. అందులో సభ్యురాలైన ఆమె ఆ పనిలో నిండా మునిగింది. దక్షిణాఫ్రికా నుంచి అప్పుడే లండన్ చేరిన గాంధీని వెతుక్కుంటూ వెళ్లి, కత్తిరించిన బట్టల కుప్ప ముందు పెట్టి కుట్టించి ఇమ్మన్నది. ఈ సంగతి గాంధీ ఆత్మకథలో ఉంది. ఆ తొలి పరిచయాన్ని ఆమె కూడా రాసింది: జైలు కంబళి మీద కూర్చుని, కొయ్యగిన్నెలో చిదిపిన టమాటాలు తింటున్న బోడిగుండు చిన్న మనిషిని చూసి తనకు నవ్వు ఆగలేదని.

ఆయన చెప్పింది పని గురించి, ఆమె చెప్పింది మనిషి గురించి. ఆమె వచనంలోని బలం ఇదే. బిడ్డలకు రాసిన ఉత్తరాలలోనూ ఇదే చూపు, ఇదే కొంటెతనం కనిపిస్తాయి. తిండి, జబ్బు, అలసట, తనమీద తాను వేసుకునే జోకు, అన్నీ అక్కడ ఉన్నాయి. ఈ కుటుంబ పత్రాలు కూతురు పద్మజా నాయుడు పేర ఢిల్లీ తీన్‌మూర్తి భవన్ గ్రంథాలయానికి చేరాయి. ఆ సంస్థ పేరు 2023లో మారింది. ఎంపిక చేసిన ఉత్తరాలు మకరంద్ పరాంజపే సంపాదకత్వంలో 1996లో పుస్తకంగా వచ్చాయి. నాంపల్లిలోని ఇల్లు ‘గోల్డెన్ త్రెషోల్డ్’ హైదరాబాదు విశ్వవిద్యాలయానికి దక్కింది. ఇంటికీ కాగితాలకూ ఇంత భద్రత దొరికిన స్త్రీలు మనకు ఎందరున్నారు?

ఇక ఆమె యుద్ధకవిత్వం చూద్దాం. 1915 డిసెంబరులో హైదరాబాదు మహిళా యుద్ధసహాయ సంఘం సందర్భంగా వచ్చిన ‘ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా’ తర్వాత ‘ది బ్రోకెన్ వింగ్’ (1917)లో చేరింది. అందులో భరతమాత తన బిడ్డల్ని పరాయి యుద్ధానికి ఇచ్చి, తన దుఃఖాన్ని ఎవరు కొలవగలరని అడుగుతుంది. చివరికి ఆ త్యాగాన్ని మరచిపోవద్దంటుంది. దీనిని వట్టి రాజభక్తి గీతం అనడం అన్యాయం. ఇచ్చినదానికి లెక్క అడగడం కూడా అందులో ఉంది. కానీ ఆ తల్లికి ముఖం లేదు, బిడ్డలకు పేర్లు లేవు. కొయ్యగిన్నెను చూసిన కన్ను ఇక్కడ మూసుకుంది. ఇది కవయిత్రి శక్తిలోని లోపమని నేననుకోను. ఎవరి దుఃఖాన్ని ఎంత దూరం నుంచి చూస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

ఆ దూరాన్ని కొలవడానికి సికిందరాబాదు చాలు. ఈ కంటోన్మెంటు పేరు మోసిన సికిందరాబాదు అశ్వికదళ బ్రిగేడు 1914 చివర్లో ఫ్రాన్సుకు చేరింది. నిజాం సేనలనుంచి పుట్టిన 20వ డెక్కన్ హార్స్ అందులో ఉంది. 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో హైవుడ్ దగ్గర ఆ రౌతులు ఈటెలు పట్టి మరతుపాకులకు ఎదురు వెళ్లారు. మొత్తం మీద ఆ యుద్ధంలో 10 లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటారు. 70 వేలకు పైగా తిరిగి రాలేదు.

వాళ్లూ ఉత్తరాలు రాశారు, చదువు రానివాళ్లు రాయించుకున్నారు. అవి మనకెలా మిగిలాయి? ఫ్రాన్సులో సెన్సారు అధికారులు వాటిని విప్పి, అనుమానం వచ్చినవాటిని ఇంగ్లీషులోకి తర్జుమా చేసి పైకి పంపారు. ఆ నివేదికలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అంటే సరోజిని ఉత్తరాలను కూతురి ప్రేమ కాపాడితే, సిపాయి ఉత్తరాలను ప్రభుత్వ అనుమానం కాపాడింది. మొదటి కట్టలో రాసిన మనిషి గొంతు వినిపిస్తుంది. రెండవ కట్టలో ఆ గొంతు పోలీసు చెయ్యి అడ్డుపెట్టినట్టు వినిపిస్తుంది. ఈ తేడా తెలియకుండా రెండింటినీ ఒకే తక్కెడలో తూచరాదు.

కుటుంబ పత్రాలు కుటుంబాన్ని కూడా పూర్తిగా చెప్పవు. అక్క లండన్‌లో సైనికుల బట్టలు కుట్టిస్తున్న ఆ ఏడాదే తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ బెర్లిన్‌లో బ్రిటిష్ వ్యతిరేక కమిటీలో పనిచేస్తున్నాడు. ఒకే ఇంటి బిడ్డలు ఒకే యుద్ధానికి రెండు వైపుల నిలబడ్డారు. ఆ తమ్ముడు 1937లో సోవియట్ దేశంలో నిర్బంధకాండకు బలయ్యాడు. జలియన్‌వాలాబాగ్ తర్వాత ఆ అక్క కైసర్-ఇ-హింద్ పతకాన్ని తిరిగి ఇచ్చేసింది. 1914 దగ్గరే ఆమెను ఆపేసి తీర్పు చెప్పిన నేను ఈ నడకను చూడలేదు. మనిషిని ఒక తేదీ దగ్గర మేకు కొట్టి వేలాడదీయడం వర్గదృష్టి కాదు, బద్ధకం.

ఇక మూడవ కట్ట. అది లేదు. ఈ ఊళ్లో రౌతు భార్య ఎన్నాళ్లు ఎదురుచూసిందో, గుర్రాల వెంట ఓడెక్కిన సాయీసు తల్లి ఏమనుకుందో చెప్పే పెట్టె ఏ ఇంట్లోనూ మిగలలేదు. సరోజినిది తానుగా ఎంచుకున్న సేవ. ‘స్వచ్ఛందం’ అనే మాటకు ముందు ఎంచుకునే వీలుండాలి. జీతం కోసం వెళ్లినవాడికి, అతన్ని పంపిన ఆడమనిషికి ఆ మాట ఎంతవరకు అతుకుతుంది?

ఇప్పుడు ఆ అమ్మాయికి జవాబు చెప్పగలను. ఆ ఉత్తరాలను సాహిత్యంగానే చదువు. వాటిలోని నవ్వునూ చూపునూ పోగొట్టుకోకు. చదివి పక్కన పెట్టేటప్పుడు మాత్రం, ఆ పెట్టెను ఎవరు దాచారో, పక్క పెట్టె ఎందుకు లేదో అడుగు. వీలైతే మీ అమ్మమ్మ దగ్గర కూర్చుని ఆమె చెప్పేది రాసుకో. లేని కట్టను ఊహించి నింపే హక్కు విమర్శకుడికి లేదు. దాని ఖాళీ చోటును చూపించే బాధ్యత మాత్రం అతనిదే.