వాల్వుల నెంచు చేయి
తుంగభద్రాతీరమున, నవబ్రహ్మాలయముల చెంతనున్న మా అలంపురమున, సంగీతప్రియుడైన గృహస్థునకు వాల్వుల యాంప్లిఫయరు నెంచి యిచ్చు పనివాని నేర్పు తలచినపుడెల్ల నాకు చేతులు జోడింప బుద్ధిపుట్టును. వాల్వు గాజుబుడ్డి లోపలి వెండివంటి మెఱుపుపూత తెల్లబాఱినచో గాలి చొచ్చినదని గ్రహించి యాతడు దానిని చూపుతోనే త్రోసిపుచ్చును. పెన్సిలుతో మెల్లగా తట్టగా స్పీకరున గణగణమన్న వాల్వును వేరుచేయును. జోడుగా పనిచేయవలసిన రెండు ఈఎల్ 34 వాల్వులు సమముగా విద్యుత్తు గ్రహించుచున్నవో లేదో మీటరుపై కొలుచును. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు 8 ఓముల స్పీకరునకు పొసగునా యన్నచోట మఱింత జాగు చేయును. నా యెఱుకలో సర్వమునకు ప్రాణ మదియే. తుదకు గదిలోని దీపమార్పి, తంతువు లెఱ్ఱబాఱువఱకు నోపికతో నిరీక్షించును. అంతట ఘంటసాల కంఠము, ఎదుట కూర్చుండి పాడుచున్నట్లు, ఊపిరితోసహా వినవచ్చును.