కొండ యాడికీ పోదు

లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన మా తిరుపతిలో ఎవరినీ డ్రైవరు అనరు. కొండ కింద ఉన్న అలిపిరి దాటి, తిరుమల ఘాట్ ఎక్కించి, బండిని మళ్లీ క్షేమంగా కిందికి దింపినవాడినే అంటారు. నాకు ఆ పని నేర్పింది మా మామ. చాలా ఏళ్లు కొండకు ట్యాక్సీ తోలిన మనిషి. మొదటిరోజు నేను ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కడం, మలుపు తిరగ్గానే యాక్సిలరేటర్ అదమడం కాసేపు చూశాడు. "అల్లుడూ, బండి అడిగినంతే ఇయ్యి. కొండ యాడికీ పోదు" అన్నాడు.

ఆ మాటలో ఎంత లెక్క ఉందో తర్వాత తెలిసింది. తిరుపతి కంటే తిరుమల సుమారు 700 మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి 1300 కిలోలు తూగే కారును అంత ఎత్తుకు చేర్చాలంటే, దారి నిడివి సంగతి పక్కనపెట్టినా, దాదాపు లీటరు పెట్రోలు కాలుతుంది. పెట్రోలులోని శక్తిలో నాలుగో వంతు అటూ ఇటూగా మాత్రమే చక్రాలకు అందుతుంది. తక్కినదంతా వేడిగా పోతుంది. ఒక్క లీటరు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఎంత నేర్పరి అయినా ఈ లీటరును తప్పించలేడు. దాని మీద మన తొందర, అశ్రద్ధ కాల్చే పెట్రోలును మాత్రం తప్పించగలడు. గాలి తగ్గిన టైర్లు, డిక్కీలో అక్కర్లేని బరువు, పై గేరులో మూలుగుతూ ఎక్కే ఇంజను, ముందు బండిని దాటాలన్న ఆరాటం... అన్నీ ఆ ఖాతాలోవే. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం పెట్టింది ప్రాణాలు కాపాడటానికే. ఆ నిదానంలో ఇంధనం కూడా మిగులుతుంది.

అసలు విద్య దిగేటప్పుడు ఉంది. 1944లో తెరుచుకున్న మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే దారి. ఎక్కడానికి 1974లో వచ్చిన రెండోది. దిగుడులో పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్ చేసేవాళ్లను చాలామందిని చూశాను. అది రెండు విధాలా నష్టం. న్యూట్రల్‌లో ఇంజను ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. ఇంజెక్షన్ ఉన్న ఇప్పటి బండ్లలో అప్పుడు ఇంధన సరఫరానే ఆగిపోతుంది. వేగాన్ని ఇంజను పట్టి ఉంచుతుంది కాబట్టి బ్రేకుల మీద భారం తగ్గుతుంది. న్యూట్రల్‌లో ఆ భారమంతా బ్రేకులదే. అవి కాగి కాగి, అవసరమైన మలుపులో పట్టు తప్పుతాయి. దిగే దారిలో ముక్కుకు తగిలే ఆ మాడు వాసన, అరిగిన బ్రేకుల సన్నటి ధూళి ఎవరి ఊపిరిలోకి పోతున్నాయో కూడా ఆలోచించాలి.

ఎందుకంటే ఈ కొండకు నడిచి వచ్చేవాళ్లున్నారు. ఏడో మైలు అనే చోటు దాటాక అలిపిరి నడకదారి కొంత దూరం ఈ దిగుడు రోడ్డు పక్కనే సాగి మోకాళ్ల మెట్టు చేరుతుంది. అప్పటికే రెండు వేల మెట్లు ఎక్కి వచ్చిన మనిషి మామూలుగా గాలి పీల్చడు, గుండె నిండా లాక్కుంటాడు. చుట్టూ ఉన్నది 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం అడవి. అక్కడి చెట్టూ జింకా పీల్చేది కూడా ఆ గాలినే.

ఆ గాలిలో పొగ కలపకుండా 2022 నుంచి ఆర్టీసీ విద్యుత్ బస్సులు ఈ దారిలో తిరుగుతున్నాయి. ఎక్కేటప్పుడు ఖర్చుపెట్టిన కరెంటులో కొంత దిగేటప్పుడు బ్యాటరీలోకి తిరిగి చేర్చుకుంటాయి. మన పెట్రోలు కారు అలా వెనక్కి తీసుకోలేదు. కానీ ఎక్కిన ఎత్తే మనల్ని దింపుతుంటే, పైన ఇంకో చుక్క కాల్చకుండా ఉండగలదు. దానికి కావలసింది రెండో గేరు, ఓపిక పట్టే కాలు.

మొన్న దిగుతుంటే మోకాళ్ల మెట్టు దగ్గర ఒక తల్లి మోకాళ్ల మీద ఎక్కుతోంది. మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. వెనక బండి హారన్ కొడుతున్నా నేను గేరు మార్చలేదు, యాక్సిలరేటర్ మీద కాలు ఆనించలేదు. కొండ యాడికీ పోదు. ఆమె పీల్చే ఆ ఊపిరిలో మాత్రం నా బండి పొగ ఉండకూడదు.